పాత పిస్టల్ డిజైన్‌కి పాలిమర్ ఫ్రేమ్ వేస్తే అది అదే పిస్టల్‌గా మిగులుతుందా?

#1 · పిడికిలి

పన్నెండేళ్ళుగా ఒకటే పిస్టల్ కాలుస్తున్నాను. ఉక్కు 1911 మోడల్, తూటా .45 ఏసీపీ. దాని ట్రిగర్ సరిగ్గా ఎక్కడ విడుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఏడాదిగా కుడి మణికట్టు సహకరించడం లేదు. యాభై రౌండ్లు దాటేసరికి సలుపు మొదలై ఆ రాత్రంతా ఉంటోంది.

స్ట్రైకర్ పిస్టల్‌కి, అంటే బయటి హామర్ బదులు లోపలి పిన్ను తూటాని కొట్టే రకానికి మారిపొమ్మని చాలామంది చెప్పారు. నాకు వెనక కనిపించే ఆ హామర్ (సుత్తి) కావాలి, చేతికి అలవాటైన ఆ పిడి వంపు కావాలి. పాత డిజైన్లకే పాలిమర్ ఫ్రేమ్ (పిడితో కలిసిన కింది ఒళ్ళు) వేసి తీసినవి ఉన్నాయని తెలుసు: 1911లో కొన్ని, చెక్ పిస్టల్ సీజెడ్ 75 వంశంలో ఇంకొన్ని. ఉక్కు కోసం గీసిన డిజైన్‌ని పాలిమర్‌లో పోస్తే అది నిలుస్తుందా? నిలిచినా, చేతికి అదే పిస్టల్‌లా ఉంటుందా? రెండూ వాడినవాళ్ళు చెప్పండి. మెచ్చుకున్నా తిట్టినా ఫర్వాలేదు, కారణం మాత్రం రాయండి.

#2 · కొలతబద్ద

పిడికిలి గారూ, నేను ప్లాస్టిక్ మోల్డింగ్ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి పదార్థం వైపు నుంచి చెప్తాను.

ముందు ‘ప్లాస్టిక్’ అన్న మాటను పక్కన పెడదాం. ఎక్కువ ఫ్రేములు గాజు పోగులు కలిపిన నైలాన్. ఉక్కు సాంద్రత 7.8 దాకా, అల్యూమినియంది 2.8, ఈ నైలాన్‌ది 1.4 దగ్గర. తేలిక ఇక్కడే వస్తుంది. కానీ వంగకుండా నిలిచే గుణం చూస్తే ఉక్కు దీనికి ఇరవై రెట్ల పైమాటే. అంటే ఉక్కులో రెండు మిల్లీమీటర్ల గోడ చేసే పనిని అదే మందంలో నైలాన్ చేయలేదు. గోడ మందం పెంచాలి, లోపల పక్కటెముకల్లాంటి గట్లు వేయాలి, బరువు పడే చోట ఉక్కు ముక్క పెట్టి దాని చుట్టూ పోయాలి.

మొదటి నుంచీ పాలిమర్ కోసమే గీసిన పిస్టళ్ళలో ఇదంతా ముందే ఆలోచించి పెట్టారు. హెక్లర్ అండ్ కోఖ్ వీపీ70 అలా 1970లోనే వచ్చింది. చాలామంది గ్లాక్‌ని మొదటిదనుకుంటారు; ఆస్ట్రియా సైన్యం గ్లాక్ 17ని తీసుకున్నది 1982లో. గ్లాక్‌లో స్లైడ్, అంటే పేలగానే వెనక్కీ ముందుకీ కదిలే పై భాగం, నాలుగు చిన్న ఉక్కు పట్టాల మీద నడుస్తుంది, మిగతా ఫ్రేమంతా వాటిని పట్టుకునే ఒళ్ళు. ఆ గ్లాక్‌కే తర్వాతి తరాల్లో బారెల్ ఆనే లాకింగ్ బ్లాక్ దగ్గర అదనంగా ఒక పిన్ను చేర్చాల్సి వచ్చింది.

పాత డిజైన్‌ని తెచ్చి పాలిమర్‌లో పోసేవాళ్ళకి ఆ స్వేచ్ఛ ఉండదు. బయటి ఆకారం, పిన్నుల చోట్లు, మ్యాగజైన్ వెడల్పు అన్నీ ముందే ఖరారైపోయి ఉంటాయి. గోడ మందం పెంచుదామంటే చోటు లేదు. మీ ప్రశ్నకి మూలం ఇక్కడుంది.

#3 · పాతఉక్కు

నేను సూటిగా చెప్తాను. 1911 బాగుండటానికి సగం కారణం దాని బరువు. ఆ బరువు తీసేశాక మిగిలేది 1911 బొమ్మ.

లెక్క చూడండి. .45 తూటా 230 గ్రెయిన్లు, అంటే దాదాపు 15 గ్రాములు, సెకనుకి 253 మీటర్ల వేగం. మందు బరువు కలపకుండా చూసినా, 1.1 కిలోల ఉక్కు పిస్టల్ చేతిని తన్నే శక్తి దాదాపు 6.5 జౌల్స్. అదే తూటాని 750 గ్రాముల పిస్టల్‌తో కాలిస్తే 9.5 జౌల్స్. దాదాపు ఒకటిన్నర రెట్లు. మణికట్టు నొప్పి ఉన్న మనిషికి ఇది మందా, విషమా?

ఇంకో సంగతి. పాలిమర్ ఫ్రేమ్‌లో కింద తేలికవుతుంది, పైన స్లైడ్ ఉక్కే. బరువంతా పైకి చేరుతుంది. అందుకే మూతి ఎగరడం ఎక్కువగా కనిపిస్తుంది, సైట్ తిరిగి గురి మీదకు రావడానికి ఇంకాస్త సమయం పడుతుంది.

#4 · పిడికిలి

పాతఉక్కు గారూ, లెక్క ఒప్పుకుంటాను. కానీ నా నొప్పి ఎప్పుడు మొదలవుతుందో ఈ మధ్య గమనిస్తున్నాను. కాల్చినప్పటి దెబ్బ కన్నా, చెయ్యి చాచి పిస్టల్‌ని గురిలో నిలబెట్టి ఉంచినప్పుడే ఎక్కువ సలుపుతోంది. ఖాళీ పిస్టల్‌తో ఇంట్లో డ్రై ఫైర్ చేసినా పది నిమిషాలకే వస్తోంది. అలాంటప్పుడు మోసే బరువు తగ్గడం నాకు మేలేమో?

#5 · ఏడో_లేన్

పోటీల్లో కాల్చేవాడిగా నా అనుభవం చెప్తాను.

ఉక్కు సీజెడ్ 75 మీద నేర్చుకున్నాను, తర్వాత దాని పాలిమర్ తమ్ముడు ఎస్‌పీ-01 ఫాంటమ్ కొన్నాళ్ళు కాల్చాను. ఉక్కు ఎస్‌పీ-01తో పోలిస్తే ఫాంటమ్ బరువు దాదాపు మూడో వంతు తక్కువ, 800 గ్రాముల దగ్గర. పిడి ఆకారం అదే, హామర్ అదే, మొదట పొడుగ్గా లాగి తర్వాత చిన్నగా లాగే ట్రిగర్ కూడా అదే. నెమ్మదిగా ఒక్కో తూటా కాల్చినప్పుడు కాగితం మీద తేడా నాకు కనిపించలేదు. వేగంగా రెండేసి కాల్చినప్పుడు మాత్రం రెండో తూటా పైకి పోయేది. పట్టు మార్చుకున్నాక తగ్గింది, పూర్తిగా పోలేదు.

పోటీల లోకం ఇప్పుడు ఎటు పోతోందో చూస్తే పాతఉక్కు గారి మాటకి బలం దొరుకుతుంది. సీజెడ్ షాడో 2 పూర్తి ఉక్కు, 1.3 కిలోల పైన ఉంటుంది, దాన్ని వదిలేవాళ్ళు తక్కువ. పాలిమర్ డిజైన్‌గా పుట్టిన వాల్తర్ క్యూ5 మ్యాచ్‌కి తర్వాత ఉక్కు ఫ్రేమ్ వచ్చింది. స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీకి అల్యూమినియం ఫ్రేమ్ వచ్చింది. సిగ్ వాళ్ళు పీ320 ఎక్స్-ఫైవ్ లీజియన్‌లో పాలిమర్‌లోనే టంగ్‌స్టన్ కలిపి బరువు పెంచారు. తేలికగా ఉండాలని పాలిమర్ తెచ్చి, దానికే మళ్ళీ బరువు ఎక్కిస్తున్నారు.

అయితే పోటీలో పిస్టల్ నడుముకి ఉండేది కాసేపే. రోజంతా మోసేవాళ్ళ తూకం వేరు.

#6 · అరం_సుత్తి

పిస్టళ్ళు విప్పి బాగుచేసే పని నాది. ఈ చర్చలో ఇప్పటిదాకా ఎవరూ ఫ్రేమ్ లోపలికి చూడలేదు, అందుకే రాస్తున్నాను.

1911 ఫ్రేమ్‌లో దెబ్బ పడే చోట్లు నాలుగైదే. పిస్టల్ పేలగానే బారెల్, స్లైడ్ కలిసి కొద్దిగా వెనక్కి వస్తాయి. బారెల్ అడుగున వేలాడే చిన్న లింకు దాన్ని కిందకి లాగుతుంది. అప్పుడు బారెల్ అడుగు లగ్ ఫ్రేమ్‌లోని నిలువు గోడని తాకి ఆగుతుంది. ఇది మొదటి చోటు. లింకు గుండా పోయే స్లైడ్ స్టాప్ పిన్ను రంధ్రాలు రెండోది. స్లైడ్ పూర్తిగా వెనక్కి వచ్చి గైడ్ ద్వారా ఫ్రేమ్ ముందు భాగానికి కొట్టుకునేది మూడోది. నాలుగోది ఫీడ్ ర్యాంప్: 1911లో తూటా ఎక్కే ఏటవాలు బారెల్‌కి కాకుండా ఫ్రేమ్‌కే చెక్కి ఉంటుంది, ప్రతి తూటా ముక్కూ దాన్ని రాసుకుంటూ పోతుంది. వీటన్నిటికీ తోడు హామర్ పిన్ను, ట్రిగర్ లాగేదాకా హామర్‌ని పట్టి ఉంచే సియర్ పిన్ను రంధ్రాలు. వాటికి దెబ్బ పెద్దగా పడదు, కానీ ఆ రెండు రంధ్రాల మధ్య దూరం వెంట్రుకవాసి మారినా మీరు పన్నెండేళ్ళుగా ఎరిగిన ట్రిగర్ పోతుంది.

ఉక్కు కాని ఫ్రేమ్‌తో ఏం జరుగుతుందో పాలిమర్ రాకముందే చూశాం. 1950 ప్రాంతంలో కోల్ట్ కమాండర్ అల్యూమినియం ఫ్రేమ్‌తో వచ్చింది. దాని ఫీడ్ ర్యాంప్‌ని హాలో పాయింట్ (ముక్కు దగ్గర గుంట ఉండే) తూటాల అంచులు గీకి గుంటలు చేసినవి నా బల్ల మీదకి వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ పిస్టల్ వాల్తర్ పీ38ని అల్యూమినియం ఫ్రేమ్‌తో పీ1గా తీశారు. కొన్నేళ్ళకి ఆ ఫ్రేమ్‌లో లాకింగ్ భాగం దగ్గర ఆరు పలకల ఉక్కు పిన్ను అడ్డంగా దిగ్గొట్టాల్సి వచ్చింది. పీ38ని గీసినప్పుడు అక్కడ ఉక్కు ఉంటుందన్న లెక్కతో గీశారు, పదార్థం మారాక ఆ చోటే ముందు ఇబ్బంది పెట్టింది.

పాలిమర్ 1911 బాగా చేసినవాళ్ళు ఈ చోట్లన్నిటినీ ఒకే ఉక్కు దిమ్మెలోకి తెచ్చి దాని చుట్టూ పాలిమర్ పోస్తారు. విల్సన్ కంబాట్ కేజెడ్-45 ఆ దారిలోదే. బ్రౌనింగ్ 1911-380లో అయితే అల్యూమినియం సబ్‌ఫ్రేమ్ ఉంటుంది. అది అసలు 1911లో 85 శాతం సైజు, తూటా కూడా చిన్నది, కాబట్టి బతుకు సులువు.

చెడగొట్టినదీ చూశాను. కంపెనీ పేరు చెప్పను. సీజెడ్ తరహా పాలిమర్ పిస్టల్ ఒకటి నా సొంతానిది. ముందు పట్టాలు ఒక ముక్కగా, వెనక పట్టాలు వేరే ముక్కగా పోశారు. రెంటినీ కలిపేది నైలాన్ మాత్రమే. ఏడెనిమిది వేల రౌండ్లకి ముందు ముక్క అంచున సన్నని చీలిక కనిపించింది. స్లైడ్ చేత్తో లాగితే మెత్తగానే పోయేది, అందుకే చాలా ఆలస్యంగా గమనించాను. తప్పు పాలిమర్‌ది అనను. అక్కడ ఒక్క ఉక్కు దిమ్మె ఉండాల్సింది, రెండు తునకలు పెట్టారు.

#7 · కొత్త_షూటర్

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. రెండు చిన్న సందేహాలు. పాలిమర్ పిస్టల్ ఎక్కువ కాలిస్తే వేడికి కరగదా? మెటల్ డిటెక్టర్‌కి దొరకదని అంటుంటారు, నిజమా?

#8 · కొలతబద్ద

డిటెక్టర్ మాట అబద్ధం. స్లైడ్, బారెల్, స్ప్రింగులు, మ్యాగజైన్‌లో చాలా భాగం, ఫ్రేమ్ లోపలి పట్టాలు అన్నీ ఉక్కే. గ్లాక్ కొత్తగా వచ్చినప్పుడు పుట్టిన భయం అది. 1988లో అమెరికాలో దానిమీద చట్టమే వచ్చింది: కనీసం 3.7 ఔన్సుల ఉక్కు పట్టుబడేంతగానైనా డిటెక్టర్‌కి కనిపించని తుపాకీ తయారు చేయకూడదని. ఈ పిస్టళ్ళన్నిటిలో దానికి ఎన్నో రెట్ల ఉక్కు ఉంది.

వేడి సంగతి: ఈ నైలాన్ 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. బారెల్ వేడి ఫ్రేమ్‌కి నేరుగా తగిలే చోట్లు తక్కువ, మధ్యలో గాలి ఉంటుంది, ఉక్కు బ్లాకు ఉంటుంది. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కించే లోపే మీరు ఆపేస్తారు.

కరగడం కన్నా నన్ను ఆలోచింపజేసేది తేమ. నైలాన్ గాలిలోంచి నీటిని పీల్చుకుంటుంది. పీల్చుకున్నకొద్దీ కాస్త ఉబ్బుతుంది, కాస్త మెత్తబడుతుంది, కానీ దెబ్బకి పగిలే గుణం తగ్గుతుంది. గాజు పోగులు ఉబ్బడాన్ని చాలావరకు ఆపుతాయి. అరం_సుత్తి గారు చెప్పిన హామర్, సియర్ రంధ్రాలని నైలాన్‌లోనే పెడితే ఆ కాస్త తేడా కూడా ట్రిగర్‌లో తెలుస్తుంది. అందుకే మంచి డిజైన్లలో ఆ రెండు పిన్నులూ లోహపు దిమ్మెలోనే ఉంటాయి.

ఇది ఎంత దూరం పోయిందంటే, సిగ్ పీ250, పీ320లలో ట్రిగర్ భాగాలన్నీ కలిపి ఒక చిన్న ఉక్కు చాసిస్ (చట్రం). సీరియల్ నంబర్ దాని మీదే. పాలిమర్ భాగం కేవలం పిడి, విప్పి మార్చుకోవచ్చు. ఫ్రేమ్ అన్న మాటకే అర్థం మారింది.

#9 · పాతఉక్కు

కొలతబద్ద గారు చివర అన్నది నాకు అందింది. అలాగైతే ఒకటి అడుగుతాను. 1911 నుంచే పుట్టిన ఎస్‌టీఐ వాళ్ళ 2011 మోడల్ చూడండి. పైన పట్టాలు, ర్యాంపు, పిన్నులు అన్నీ ఉక్కు ఫ్రేమ్‌లో. కింద ట్రిగర్ గార్డుతో సహా పిడి మొత్తం పాలిమర్, ఉక్కుకి స్క్రూలతో బిగించినది. 1990ల నుంచీ పోటీల్లో గెలుస్తోంది. నేనే ఒకటి ఆరేళ్ళు కాల్చాను. దాన్ని నేనెప్పుడూ పాలిమర్ పిస్టల్ అనుకోలేదు. 1911 అనే అనుకున్నాను.

ఆలోచిస్తే, అందులో పాలిమర్ చేసిన మేలు బరువు తగ్గించడం ఒక్కటే కాదు. పాత 1911లో ఫ్రేమ్ గోడ, దాని మీద బుషింగ్, దాని మీద చెక్క పలక, దాన్ని పట్టే స్క్రూ. ఇన్ని పొరలు. పాలిమర్‌లో గోడ, పలక ఒకటే. ఆ మిగిలిన చోట్లోనే రెండు వరసల మ్యాగజైన్ పట్టింది, పిడి మాత్రం మరీ లావు కాలేదు. ఇది ఉక్కులో చేస్తే అంత సన్నగా వచ్చేది కాదు. ఇక్కడ పాలిమర్‌కి నా నమస్కారం.

కానీ ఒక్క మాట వదులుకోను. ఉక్కు ఫ్రేమ్ పాడైతే వెల్డింగ్ పెట్టొచ్చు, అరగదీసి మళ్ళీ నలుపు ఎక్కించొచ్చు, పట్టాలని కొట్టి బిగించొచ్చు. మా గురువుగారు కాల్చిన పిస్టల్ ఇప్పుడు నేను కాలుస్తున్నాను. నైలాన్‌లో చీలిక వస్తే అతికించేది లేదు. పిడి గరుకు కోసం వేడి కడ్డీతో చుక్కలు పెట్టాక అది నచ్చకపోతే వెనక్కి పోయే దారి లేదు.

#10 · అరం_సుత్తి

బాగుచేయడం గురించి పాతఉక్కు గారు చెప్పింది అక్షరాలా నిజం. నా బల్ల మీద నుంచి తిరిగి పంపేసిన ఫ్రేములన్నీ పాలిమర్‌వే.

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. చెమట చేతులవాళ్ళ ఉక్కు పిస్టళ్ళ పిడి ముందు భాగం, స్క్రూల చుట్టూ, పలకల కింద తుప్పు తిన్నవి వారానికొకటి చూస్తాను. పలక తీసేదాకా యజమానికి తెలియదు. పాలిమర్‌కి ఆ బాధ లేదు. నూనె, పెట్రోలు, మామూలు క్లీనర్లు దాన్నేమీ చేయవు.

ఇప్పుడు సీజెడ్ 75 విషయానికి వస్తాను, పిడికిలి గారికి ఇది పనికొస్తుంది. 1911లో స్లైడ్ ఫ్రేమ్‌ని బయట నుంచి పట్టుకుంటుంది. సీజెడ్ 75లో తిరగేసి ఉంటుంది, ఫ్రేమ్ గోడల లోపల స్లైడ్ నడుస్తుంది. అందుకే స్లైడ్ సన్నగా, తేలికగా ఉంటుంది. పాలిమర్ చేసినప్పుడు ఇది రెండు రకాలుగా పని చేస్తుంది. చెడు: ఫ్రేమ్ గోడలే పట్టాలని మోయాలి కాబట్టి మందం పెరుగుతుంది, అందుకే పీ-07, పీ-09లలో ఆ భాగం లావుగా కనిపిస్తుంది. మంచి: స్లైడ్ తేలిక కాబట్టి పైభారం సమస్య 1911లో ఉన్నంత ఉండదు. పైగా సీజెడ్ 75లో ఫీడ్ ర్యాంప్ బారెల్‌కే ఉంటుంది, లింకు లేదు. ఫ్రేమ్ మీద పడే పని అక్కడే కొంత తగ్గింది. పాలిమర్‌కి మారడంలో ఈ వంశం నిలిచిందంటే నా ఉద్దేశంలో కారణం ఇదే. జెరికో 941 కూడా ఉక్కులోనూ పాలిమర్‌లోనూ నడిచింది. ఈ వంశం బయట చూస్తే రష్యా వాళ్ళ ఎంపీ-443 ఉక్కు ఫ్రేమ్ పిస్టల్, దాని పౌర రూపం ఎంపీ-446 వైకింగ్ పాలిమర్.

రూగర్ పీ95 గురించి కూడా రాయకుండా ఉండలేను. అందులో ఉక్కు పట్టాలే లేవు, స్లైడ్ నేరుగా పాలిమర్ పట్టాల మీద నడుస్తుంది. నమ్మబుద్ధి కాదు, కానీ అవి గట్టి పిస్టళ్ళు. ఫ్రేమ్‌ని మొత్తంగా దానికి తగ్గట్టు మందంగా గీశారు. పాత ఆకారాన్ని కాపాడాలన్న బంధం లేదు.

#11 · ఏడో_లేన్

ఒక చిన్న హెచ్చరిక. ఫ్రేమ్ తేలికైతే పట్టు గట్టిగా ఉండాలి. స్లైడ్ వెనక్కి పోతున్నప్పుడు ఫ్రేమ్ నిలబడి ఉండాలి. తేలిక ఫ్రేమ్, బలహీనమైన మణికట్టు అయితే ఫ్రేమ్ కూడా స్లైడ్‌తో వెనక్కి పోతుంది. స్లైడ్ పూర్తి దూరం పోదు, ఖాళీ తొడుగు ఇరుక్కుంటుంది. ఉక్కు ఫ్రేమ్ తన బరువుతోనే ఈ లోపాన్ని కప్పిపుచ్చుతుంది. పిడికిలి గారూ, మీ మణికట్టు దృష్ట్యా ఇది ముందే చూసుకోండి.

#12 · కొలతబద్ద

పాతఉక్కు గారి లెక్కనే ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తాను. తూటా మారిస్తే? 9 ఎంఎం, 124 గ్రెయిన్లు, అంటే 8 గ్రాములు, సెకనుకి 350 మీటర్లు. 800 గ్రాముల పాలిమర్ పిస్టల్‌లో తన్నుడు దాదాపు 4.9 జౌల్స్. 1.1 కిలోల ఉక్కు 1911లో .45 తన్నేది 6.5. అంటే మోసే బరువు 300 గ్రాములు తగ్గినా చేతికి తగిలే దెబ్బ కూడా తగ్గుతుంది. పాలిమర్‌లో .45నే పట్టుకుని ఉంటేనే రెండు వైపులా నష్టం.

#13 · పిడికిలి

నెల తర్వాత వస్తున్నాను. ఏడో_లేన్ గారి మాట మీద ఒక ఫాంటమ్ అరువు తీసుకుని నాలుగు వారాలు కాల్చాను, వారానికి వంద రౌండ్లు. దాంతోపాటు స్నేహితుడి పాలిమర్ 1911, .45, ఒక పూట.

1911తో ముప్ఫై రౌండ్లకి ఆపేశాను. పిడి వంపు, సేఫ్టీ, అన్నీ ఇంట్లో ఉన్నట్టే అనిపించాయి. పేలగానే మాత్రం అరచేతి మొదట్లో దెబ్బ పదునుగా తగిలింది. పాతఉక్కు గారి లెక్క నా ఎముకకి అర్థమైంది.

ఫాంటమ్‌తో మొదటి వారం రెండుసార్లు ఖాళీ తొడుగు ఇరుక్కుంది. ఎడమ చేత్తో గట్టిగా బిగించడం నేర్చుకున్నాక మళ్ళీ రాలేదు. వందో రౌండు తర్వాత కూడా రాత్రి సలుపు లేదు. పదిహేను మీటర్లలో నా తూటాల గుంపు ఉక్కు 1911 కన్నా రెండు వేళ్ళు ఎక్కువ విచ్చుకుంది. ట్రిగర్ తెలియకపోవడం వల్లే అనుకుంటున్నాను, ఎందుకంటే నాలుగో వారానికి ఒక వేలు తగ్గింది.

ఫాంటమ్ తీసుకుంటున్నాను. 1911 ఉంటుంది, నూనె రాసి పెడతాను, నెలకోసారి ఒక మ్యాగజైన్ కాలుస్తాను. అరం_సుత్తి గారూ, చీలిక ఎక్కడ, ఎన్నాళ్ళకోసారి చూసుకోవాలి?

#14 · అరం_సుత్తి

ప్రతి శుభ్రపరచడంలోనూ, స్లైడ్ తీసేశాక. ముందు పట్టాల ముక్క నైలాన్‌లోంచి బయటికి వచ్చే మూల, స్లైడ్ స్టాప్ రంధ్రం చుట్టూ, రెండు వైపులా. టార్చి పక్క నుంచి వేయండి, ఎదురుగా వేస్తే సన్నని చీలిక కనిపించదు. నూనె తుడిచాక చూడండి, నూనె చీలికలో నిండితే గీతలాగే ఉంటుంది. స్లైడ్‌ని ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగ్ అలసిపోకముందే మార్చండి, పాలిమర్ ఫ్రేమ్‌కి మీరు చేసే సేవలో సగం అదే.

#15 · పాతఉక్కు

1911కి నెలకి ఒక్క మ్యాగజైన్ చాలదు పిడికిలి గారూ. దాన్ని 9 ఎంఎం బారెల్, స్లైడ్‌తో కాల్చి చూశారా? ఉక్కు ఫ్రేమ్ మీదే. మోసే బరువు తగ్గదు, నిజమే, కానీ బల్ల మీద ఆనించి కాలిస్తే మీ మణికట్టుకి ఆ బరువు ఉండదు. నా దగ్గర ఒక సెట్ ఉంది. ఈసారి కలిసినప్పుడు తెస్తాను.